శివరాత్రి నుంచి ఉగాది దాకా: నీళ్ల మీద గడపడానికి సమగ్ర మార్గదర్శి

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందని పెద్దల మాట. అక్కణ్ణుంచి ఉగాది దాకా మనకు దొరికేది నెలా రెండు రోజులు. పంచాంగం దీన్ని ఇంకా శిశిరమనే అంటుంది గానీ, మామిడి పూత పిందె కడుతుంటే, మోదుగు ఆకంతా రాల్చి ఎర్రగా పూస్తుంటే వసంతం రాలేదని ఎవరనగలరు? తెలుగు నేల మీద పడవెక్కడానికి, తెడ్డు పట్టడానికి, వాగులో కాళ్లు పెట్టుకు కూర్చోడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి రోజులు లేవని నా నమ్మకం. వరద పోయి నెలలైంది, నీళ్లు తేటపడ్డాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు, తేలినీలాపురంలో పెలికాన్లు ఇంకా మూటాముల్లె సర్దుకోలేదు. ఎండ పెరుగుతోంది గానీ మాడు పగలగొట్టేంత కాదు.

చిక్కల్లా ఒక్కటే. ఆగస్టులో గోదారి ఎర్రగా సుళ్లు తిరుగుతూ వస్తుంటే ఎంత మొండివాడైనా గట్టు మీదే ఆగుతాడు. ఫాల్గుణంలో అదే గోదారి తెల్లటి ఇసుక తిన్నెలు పరిచి, పాదాలు తడిసేంత నీళ్లతో రారమ్మంటుంది. మోకాలి లోతే కదా అని దిగుతాం. హోలీ మర్నాడు పేపర్ తెరిస్తే, రంగులు కడుక్కుందామని చెరువుకో వాగుకో వెళ్లి తిరిగిరాని పిల్లల వార్త కనబడని ఏడాది నాకు గుర్తు లేదు. అందుకే సరదా గురించి చెబుతూనే, ఈ నెల రోజుల్లో మన నీళ్లు ఎలా నడుచుకుంటాయన్నది కాస్త ఎక్కువగా చెబుతాను.

1. ముందు ఏ నీళ్లకు వెళ్లాలో తేల్చుకోండి

‘ఎటైనా నీళ్ల దగ్గరికి పోదాం’ అని బయల్దేరడం వేరు, వెంట వచ్చేవాళ్లెవరో చూసుకుని నీళ్లను ఎంచుకోవడం వేరు. అమ్మమ్మ, ఐదేళ్ల పిల్ల, ఈత రాని బావగారు ఉన్న జట్టుకి ఒక రకం నీళ్లు కావాలి. ఆఫీసు కుర్రాళ్ల జట్టుకి మరో రకం.

తెడ్డు ముట్టని వాళ్లు మొదలుపెట్టాల్సింది చెరువుతోనో జలాశయంతోనో. ప్రవాహం ఉండదు, పడ్డా ఎక్కడికీ కొట్టుకుపోరు. హైదరాబాద్‌లో దుర్గం చెరువులోనే కయాకింగ్ ఉంది, అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ. ఊరు దాటితే వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయం. అనంతగిరి కొండలు చూసి వచ్చే దారిలోనే కలిసొస్తుంది. అక్కడ కయాక్‌లు నడిపించేది చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే. ఆ నీళ్లలో ఎక్కడ మొద్దులున్నాయో, ఎక్కడ నాచుందో వాళ్లకు తెలుసు. సీమ వాళ్లకు గండికోట ఉంది. పెన్నా లోయలో ఎర్రటి రాతి గోడల మధ్య తెడ్డు వేస్తుంటే మన గొంతు మనకే తిరిగి వినబడుతుంది.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు ములుగు జిల్లా లక్నవరం నా మొదటి ఓటు. కాకతీయుల కాలపు చెరువు. మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెన, చుట్టూ అడవి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇది ఇప్పటికీ పొలాలకు నీళ్లిచ్చే చెరువు. యాసంగి వరికి వదిలేకొద్దీ మట్టం దిగుతూ పోతుంది. నిండు చెరువు చూడాలంటే శివరాత్రి వైపే వెళ్లండి, ఉగాది దాకా ఆగకండి.

ఏమీ చేయకుండా పడవలో కూర్చుని కొండలు చూడాలనుకునే వాళ్లది పాపికొండల దారి. రాజమండ్రి వైపు నుంచి వెళ్తే రోడ్డు మీద గండిపోచమ్మ దాకా, అక్కణ్ణుంచి బోటు. భద్రాచలం వైపు నుంచి అయితే పోచవరం రేవు. ఫిబ్రవరిలో పొద్దున్నే గోదారి మీద పొగమంచు ఉంటుంది. మంచు విడిచేదాకా సరంగు బోటు కదపనంటే విసుక్కోకండి, ఆయన చేస్తున్నది సరైన పనే.

కోనసీమలో దిండి దగ్గర వశిష్ట పాయలో ఇంటి పడవలున్నాయి. కాకినాడ పక్కన కోరింగలో మడ అడవుల మధ్య క్రీకుల్లో పడవ ప్రయాణం ఉంది. మడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తుంటాయి. వాటిని చూడాలంటే ఆటు వేళ వెళ్లాలి. అయితే నీరు మరీ తగ్గితే పడవ నడవదు. కాబట్టి బయల్దేరే ముందు రోజే ఫోన్ చేసి, రేపు పడవలు ఏ వేళకు తిప్పుతారో కనుక్కోండి. మారేడుమిల్లి వైపు అమృతధార, జలతరంగిణి ఈ రోజుల్లో సన్నగిల్లి ఉంటాయి. ఫొటోలకు అంత బాగోకపోవచ్చు గానీ, పిల్లలతో వెళ్లి నీళ్ల కింద కూర్చోడానికి ఇదే అదను.

2. నీటి మట్టం, తిథి

జలాశయానికి వెళ్తుంటే ఆ రోజు పేపర్లో నీటిమట్టం చూడండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590. ఆ అంకె పక్కన ఇవాళ్టి అంకె పెట్టుకుంటే ఒడ్డు ఎంత వెనక్కి జరిగిందో ఊహకు అందుతుంది. శ్రీశైలం వెనుక నీళ్లు బాగా దిగేసరికి నీట మునిగిన సంగమేశ్వరం గుడి శిఖరం బయటపడుతుంది. ఇంకా తగ్గితే గుడిలోని వేపచెక్క లింగానికి పూజలు మొదలవుతాయి. మనకు ఇది దర్శన భాగ్యం; బోటు నడిపేవాడికి మాత్రం నిన్నటిదాకా నీటి కింద లోతుగా ఉన్న రాళ్లు పడవ అడుక్కి దగ్గరైనట్టు లెక్క.

నీరు వెనక్కి తగ్గిన చోట ఒండ్రు మేట ఉంటుంది. పైన నెర్రెలిచ్చి గట్టిగా కనబడుతుంది, కింద పాయసంలా ఉంటుంది. ఒకసారి సెల్ఫీ కోసం నాలుగు అడుగులు వేసి తొడల దాకా దిగబడ్డాను. చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అలా దిగబడితే కాళ్లు లాక్కుందామని గింజుకోవద్దు, గింజుకున్నకొద్దీ దిగుతాం. వెనక్కి వాలి కూర్చోండి, బరువు పరుచుకుంటుంది. ఒక్కో కాలే మెల్లగా ఊపుతూ వదులు చేసుకుని, వచ్చిన దారినే పాకుతూ రండి. బురద పోయేసరికి పరువు కూడా కాస్త పోతుంది, ఫర్వాలేదు.

సముద్రానికైతే తిథి చూడండి. అమావాస్యకూ పౌర్ణమికీ చంద్రుడూ సూర్యుడూ ఒకే వరసలో నిలబడి లాగుతాయి కాబట్టి పోటు పెద్దది, ఆటు కూడా అంతే లోతు. అష్టమి, నవమి రోజుల్లో రెండూ తక్కువ. ఇప్పుడు ఈ నెల పండగలు చూడండి: శివరాత్రి చతుర్దశి, మర్నాడు అమావాస్య. హోలీ పౌర్ణమి. ఉగాది అమావాస్య మర్నాటి పాడ్యమి. అంటే మనకు సెలవులొచ్చి బీచికి పరిగెత్తే మూడు రోజులూ పెద్ద పోటు రోజులే! పిల్లల్ని సముద్రం చూపించడానికి తీసుకెళ్లాలంటే వాటి మధ్యలో వచ్చే అష్టమి దగ్గరి శని, ఆదివారాలు చూసుకోండి. జనం కూడా తక్కువ. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని గుర్తుంటే, ఇవాళ రేవులో అడిగిన వేళను బట్టి ఎల్లుండి వేళ మీరే చెప్పగలరు.

అలల ఎత్తు, సముద్రం పోటెత్తే ప్రమాదం గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ సూచనలు ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్పే ఆఫీసు అది. వాళ్లు హెచ్చరిక పెట్టిన రోజున ఒడ్డు మీద వేరుశెనక్కాయలు తింటూ కూర్చోండి.

3. పొద్దున్నే నీళ్లెక్కండి, పదకొండుకల్లా దిగండి

తెల్లారి ఆరింటికి చెరువు అద్దంలా ఉంటుంది. తొమ్మిదికి సన్నటి ముడతలు. పదకొండయ్యేసరికి గాలి లేచి, నేర్చుకునేవాడి కయాక్ తను వెళ్లాలనుకున్న చోటికి కాకుండా గాలి పంపిన చోటికి వెళ్తుంది. తీరంలో కూడా నేల వేడెక్కాక మధ్యాహ్నానికి సముద్రపు గాలి బిగుస్తుంది. పైగా మార్చి మొదటివారానికే తెలంగాణలో, సీమలో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటుతుంటాయి. నీళ్ల మీద ఆ వేడి తెలియదు. కాళ్లకు చల్లగా తగులుతుంటుంది, ముఖం మీద గాలి ఆడుతుంటుంది, నీళ్ల మీంచి తిరిగి లేచిన ఎండ గడ్డం కింద కూడా కాలుస్తుంది. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది సంగతి.

వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు గాలివాటున రండి. ఒంట్లో సత్తువ ఉండగానే కష్టమైన సగం అయిపోతుంది. తిరగేసి చేస్తే, జబ్బలు పడిపోయాక ఎదురుగాలి మిగులుతుంది.

4. లైఫ్ జాకెట్: ఇక్కడ రెండు నిమిషాలు ఆగండి

కొన్నేళ్ల కిందట ఒక బోటింగ్ రేవులో నాకిచ్చిన జాకెట్‌కి మధ్య బకిల్ విరిగిపోయి ఉంది, దాని స్థానంలో పురికొస కట్టి ఉంది. ఇంకోటివ్వమంటే ‘ఫొటోలో పడదు లెండి సార్’ అన్నాడు ఆ కుర్రాడు. నేను జాకెట్ అడిగింది ఫొటో కోసం కాదని వాడికి తోచలేదు. నేను ఎక్కలేదు. టికెట్ డబ్బులు తిరిగి రాలేదు.

చేతిలోకి తీసుకోగానే ముందు బకిళ్లు చూడండి. మూడుంటే మూడూ పెట్టుకోవాలి, గట్టిగా లాగినా ఊడకూడదు. తర్వాత లోపలి ఫోమ్‌ని వేళ్లతో నొక్కండి. నొక్కి వదిలితే పొంగాలి. అప్పడంలా చితికి అలాగే ఉండిపోతే దాని పని అయిపోయింది. పొడి జాకెట్ బరువుగా అనిపిస్తే అది నీళ్లు పీల్చిందన్నమాట. తొడుక్కుని అన్ని పట్టీలూ బిగించాక పక్కవాళ్లను పిలిచి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. కదలకపోతే సరే. చెవుల దాకా లేస్తే అది మీకు పెద్దది. నీళ్లలో పడినప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, మీరు దాని కిందికి జారతారు. పిల్లలకు పెద్దల జాకెట్ ‘కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు’ అని వేస్తారు చూశారా, అది అస్సలు పనికిరాదు. పిల్లల బరువుకు తగ్గది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది అడగండి.

పెద్ద బోటు ఎక్కేటప్పుడు కూడా ఇదే పట్టుదల చూపించండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో పర్యాటక బోటు మునిగిపోతే నలభై మందికి పైగా పోయారు. నెల దాటాక గానీ బోటు పైకి రాలేదు. అది వరద రోజు, ఇది కాదు. అయినా బోటెక్కగానే మూడు సంగతులు చూసుకోండి: జాకెట్లు తలకొకటి ఉన్నాయా, తాళం వేసిన గదిలో కాకుండా చేతికందేలా ఉన్నాయా, జనం అంతా ఫొటోలకు ఒకే పక్కకు చేరుతుంటే సిబ్బంది ఆపుతున్నారా. మూడోదానికి లేదన్న జవాబు వస్తే, మీరే మీ వాళ్లను రెండో పక్కకు తీసుకుపొండి.

5. ఒంటి మీద, సంచిలో

నూలు బట్టలు, జీన్సు తడిస్తే రాయిలా బరువెక్కుతాయి, ఆరవు. చీర, చున్నీ, లుంగీ కాళ్లకు చుట్టుకుంటాయి. ఆటలకు వేసుకునే పలచటి టీషర్టు, లెగ్గిన్స్ లేదా ట్రాక్ ప్యాంటు చాలు. పొడుగు చేతులైతే ఎండకీ పనికొస్తుంది. చెప్పులు మడమకు పట్టీ ఉన్నవి. కళ్లజోడుకి మా తాతయ్య కట్టుకున్నట్టు దారం కట్టండి; నవ్వేవాళ్లు నవ్వనీ, కృష్ణలో నా కళ్లజోళ్లు రెండున్నాయి. ఫోన్ జిప్ కవర్లో పెట్టి, కవర్లో కాస్త గాలి ఉంచి మూయండి, పడినా తేలుతుంది.

తిండి సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పులిహోర ఎండకు అంత త్వరగా పాడవదు. దద్దోజనం మధ్యాహ్నానికి పులుస్తుంది, ముందు దాన్నే ముగించండి. తలకొక లీటరుకు తగ్గకుండా నీళ్లు, పైన ఉప్పేసిన మజ్జిగ. మందు మాత్రం తిరిగొచ్చాకే, నీళ్ల దగ్గర వద్దు.

6. కయాక్ ఎక్కి తెడ్డు వేయడం

మన దగ్గర ఎక్కువగా అద్దెకిచ్చేవి పైన కూర్చునే రకం. మోకాలి లోతు నీళ్లలో దాన్ని పక్కన పెట్టుకుని, ముందు పిరుదులు సీటులో పెట్టి కూర్చుని, తర్వాత కాళ్లు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకోవాలి. నిలబడి అడుగు పెట్టారో, ఒడ్డున ఉన్నవాళ్లకు మొదటి వినోదం మీరే. మోకాళ్లు కొద్దిగా వంగేలా పాదాలు గాడుల్లో ఆనించండి. వెన్ను నిటారుగా. ఒరిగిపోతోందని అనిపించినప్పుడు పక్క అంచులు పట్టుకోవాలని చేతులు లాగుతాయి, పట్టుకోకండి. తెడ్డు నీళ్లలో ఉంటేనే పడవ కుదురుగా ఉంటుంది.

తెడ్డును నెత్తి మీద అడ్డంగా పెట్టుకుంటే మోచేతులు చతురస్రంలా మడవాలి. చేతుల మధ్య ఎడం అంతే. కాలి బొటనవేలు దగ్గర తెడ్డు రెక్కను పూర్తిగా ముంచి, తుంటి దాకా లాగి, అక్కడే ఎత్తేయాలి. వెనక దాకా లాగితే నీళ్లు పైకెత్తడమే తప్ప పడవ ముందుకు పోదు. లాగేది జబ్బలతో కాదు, నడుముతో. కుడివైపు వేసేటప్పుడు కుడి భుజం ముందుకు తిరగాలి, లాగుతుంటే వెనక్కి రావాలి. కవ్వంతో మజ్జిగ చిలికేవాళ్ల నడుము చూసి ఉంటే ఆ తిరుగుడు మీకు వెంటనే అర్థమవుతుంది. జబ్బలతోనే లాగినవాడు పావుగంటలో చతికిలబడతాడు.

ఎడమకు తిరగాలంటే కుడివైపు తెడ్డును ముందు నుంచి వెనక దాకా పెద్ద అర్ధచంద్రంలా తిప్పండి. ఆగాలంటే తెడ్డు నీళ్లలో నిలిపి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ ముందుకు తోయండి.

పడతారు. అందుకే ఒడ్డుకు దగ్గరలో, కావాలనే ఒకసారి పడి నేర్చుకోండి. పడగానే ఒక చేత్తో పడవ, ఒక చేత్తో తెడ్డు వదలకండి. పడవ బోర్లా పడి ఉంటే అవతలి అంచు పట్టి తిప్పండి. పడవ మధ్య భాగానికి వచ్చి, రెండు చేతులూ దాని మీద వేసి, కాళ్లు వెనక్కి చాచి ఈత కొడుతున్నట్టు తన్నండి. ఒళ్లు నీళ్ల మీదికి అడ్డంగా తేలాక ఒక్క ఊపుతో పొట్ట పడవ మీదికి. బల్లిలా అక్కడే కాసేపు పడుకుని, వెల్లకిలా తిరిగి, కూర్చోండి. నిలువుగా వేలాడుతూ ఎక్కబోతే పడవ మళ్లీ మీ మీదికే తిరగబడుతుంది. నాకు ఇది నాలుగోసారికి వచ్చింది, మా అక్క కూతురికి మొదటిసారికే.

7. నదిలో, వాగులో దిగేటప్పుడు

ఈ కాలంలో నదుల్లో ప్రాణాలు తీసేది ప్రవాహం కన్నా గుంతలు. ఇసుక తోడేసిన చోట మోకాలి లోతు నీళ్ల పక్కనే రెండు నిలువుల గుంత ఉంటుంది, పైకి నీళ్లు ఒకేలా కనబడతాయి. కాబట్టి దిగేముందు అక్కడ బట్టలు ఉతికేవాళ్లనో, గేదెలు కడిగేవాళ్లనో, వల వేసేవాళ్లనో అడగండి: ‘ఇక్కడ మడుగుందా, ఊబి ఉందా?’ వాళ్లు వేలు చూపించి చెబుతారు. ఎవరూ లేని రేవైతే ఎందుకు లేరో ఆలోచించండి.

చేతిలో మీ ఎత్తు కర్ర ఉండాలి. ముందు కర్ర, తర్వాత పాదం. పాదం ఎత్తి వేయకుండా నేల మీద జారుస్తూ వెళ్లండి. నీటికి ఎదురుగానో వీపు పెట్టో కాదు, పక్కగా తిరిగి నిలబడితే నెట్టు తక్కువ తగులుతుంది. మోకాలు దాటిన పారే నీళ్లలోకి పోవద్దు. వాగుల్లో నల్లగా మెరిసే రాయి మీద పాకుడు ఉంటుంది, పొడిగా తెల్లగా ఉన్న రాయే మెట్టు. ఆనకట్ట దిగువన నీళ్లు తెల్లగా నురగ కక్కే చోటు ఎంత ముచ్చటగా ఉన్నా అటు పోకండి. అక్కడ నీరు గుండ్రంగా తిరుగుతూ పడ్డవాణ్ణి మళ్లీ మళ్లీ లోపలికే లాక్కుంటుంది. గజ ఈతగాళ్లు కూడా దిగరు.

డ్యాముల దిగువన ఉన్న నదిలో మరో సంగతుంది. ఎండ కాస్తుంటుంది, మబ్బు ఉండదు, అయినా పైన గేట్లెత్తితే నీరు పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. నీళ్లలో దిగగానే ఒడ్డున నీటి అంచు దగ్గర ఒక రాయికి గుర్తు పెట్టుకోండి. అది మునుగుతుంటే, తేట నీళ్లు మసకబారుతుంటే, పుల్లలు ఆకులు కొట్టుకొస్తుంటే చెప్పులు వెతుక్కోకుండా గట్టెక్కండి.

8. సముద్రం

విశాఖ రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచులకు అంతర్జాతీయంగా ఇచ్చేది. ఈతకు హద్దు గీసిన చోటు, కాపలా సిబ్బంది ఉన్న చోటు మనకు అరుదు కాబట్టి కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టడం మేలు. ఆర్కే బీచి, యారాడ చూడ్డానికి ఎంత బాగున్నా లోపలికి లాగే పాయలకు పేరుపడ్డవి. ఈ పాయనే రిప్ కరెంట్ అంటారు. అలలు విరిగి ఒడ్డుకొచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట సన్నటి దారి చేసుకుని వెనక్కి పోతుంది. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక చోట అల విరగకుండా, నీరు మట్టి రంగులో నెమ్మదిగా ఉంటుంది. అనుభవం లేనివాడు ‘ఇక్కడ అలల్లేవు, ప్రశాంతంగా ఉంది’ అని సరిగ్గా అక్కడే దిగుతాడు.

దాన్లో పడితే ఒడ్డు వైపు ఈదకండి. దానితో పోటీ పడి ఎవరూ గెలవలేదు. అది కిందికి లాగదు, లోపలికి మాత్రమే లాగుతుంది. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితో పాటు బయటికి రండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలి చెయ్యెత్తి ఊపండి.

రాత్రిళ్లు బీచిలో తిరుగుతుంటే టార్చిలైట్లు తగ్గించండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే రోజులివి. వెలుగు పడితే పైకొచ్చిన తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.

9. ఎవరైనా మునుగుతుంటే

మునిగేవాళ్లు సినిమాలోలా అరవరు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరికే చాలదు, ఇక కేకకెక్కడిది? తల వెనక్కి వాలి, చేతులు పక్కలకు నీటిని అదుముతూ, ఉన్నచోటే నిచ్చెన ఎక్కుతున్నట్టు కనబడతారు. అంతా ఒక నిమిషం లోపు. అందుకే పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చెయ్యి చాచితే అందేంత దూరంలో, ఫోన్ లేకుండా ఉండాలి. అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. ‘అందరం చూస్తున్నాం కదా’ అనుకున్న కుటుంబాల్లోనే పిల్ల ఎటుపోయిందో ఎవరికీ తెలియదు.

కాపాడదామని దూకకండి. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన కథలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. కర్ర అందించండి, లేదా తాడు, చీర విసరండి. ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కి మూత బిగించి విసిరితే పట్టుకుని తేలతారు. నేను కారు డిక్కీలో ఒక ఖాళీ క్యాను, పది మీటర్ల నైలాన్ తాడు పెట్టుకునే వెళ్తాను.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట మీద నొక్కడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇంకా చేస్తారు. ఏదీ చేయనివ్వకండి. ఊపిరి కావాల్సిన మనిషికి ఆ నిమిషాలు వృథా అవుతాయి, కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే, ఊపిరి లేని మనిషిని వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు, సెకనుకు దాదాపు రెండు చొప్పున, రెండంగుళాల లోతుకు గట్టిగా నొక్కి, మళ్లీ రెండు ఊపిరులు. అంబులెన్స్ వచ్చేదాకా ఇదే. లేచి కూర్చుని ‘నాకేం కాలేదు’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటలయ్యాక ఇబ్బంది పెట్టొచ్చు.

10. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లకు

ఇక్కడ రాసినదాన్లో జాకెట్, తెడ్డు సంగతులు మీకూ పనికొస్తాయి, నీళ్ల సంగతి మాత్రం పూర్తిగా వేరు. మార్చిలో ఒకరోజు 20 డిగ్రీల ఎండ కాస్తుంది, గడ్డకట్టిన నెలల తర్వాత అందరూ బయటికొస్తారు, కయాక్‌లు అద్దెకు దొరుకుతాయి. కానీ ఆ రోజున మిషిగన్ సరస్సులో నీరు ఐదు డిగ్రీల లోపే. మన గోదారిలో ఈదినవాడికి ఆ చలి ఊహకు కూడా రాదు. పడగానే గుండెలు అదిరి పెద్దగా ఎగపీలుస్తాం. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే అక్కడికి సరి. అక్కడ నేర్పే లెక్క 1-10-1: మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలు కాళ్లూ చేతులూ మాట వింటాయి, స్పృహ తప్పడానికి సుమారు గంట. జాకెట్ లేకపోతే మొదటి నిమిషమే దాటడం కష్టం. కాబట్టి గాలి వేడిని బట్టి కాదు, నీటి చలిని బట్టి బట్టలు వేసుకోండి. ఒంటికి అతుక్కుని వెచ్చదనం నిలిపే వెట్ సూట్, ఇంకా చల్లగా ఉంటే నీరు లోపలికి రానివ్వని డ్రై సూట్. అవి లేకపోతే నీళ్లు వెచ్చబడేదాకా గట్టు మీద మిరపకాయ బజ్జీలు.

11. తిరిగొచ్చాక

చెవిలో నీళ్లు పోతే పుల్ల పెట్టి తిప్పకండి, తల ఆ పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతండి, చిన్నప్పుడు చేసినట్టే. సొంత జాకెట్ ఉంటే మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి, ఎండకు ఫోమ్ పెళుసుబారుతుంది. మడత పెట్టి దాని మీద సామాన్లు పెట్టకండి, తగిలించండి. మా ఇంట్లో అది పెరటి తలుపు వెనక, గొడుగుల పక్క మేకుకి ఉంటుంది. కోనసీమ కాలువల మీద పడవ సరదా మిగిలి ఉంటే మాత్రం త్వరపడండి, దాళ్వా వరికి నీళ్ల అవసరం తీరాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు.